ఎలుక తలకు చిన్న దెబ్బ: ఎన్ని అన్నది సరే, ఎన్నాళ్ళకొకటి?

ప్రశ్న: నల్లగొండ దగ్గర ఫార్మసీ కాలేజీలో ఎం.ఫార్మ్ ఫార్మకాలజీ రెండో సంవత్సరం చదువుతున్న. తలకు మళ్ళీ మళ్ళీ తగిలే చిన్న దెబ్బలకు సరస్వతి ఆకు సారం పనిచేస్తదా అన్నది నా థీసిస్. జంతు ప్రయోగాల కమిటీ అనుమతితోనే 180-200 గ్రాముల విస్టార్ అనే ల్యాబు ఎలుకలకు మత్తుకు కెటమిన్, జైలజిన్ ఇచ్చి, 450 గ్రాముల బరువును మీటరు ఎత్తు నుంచి తలమీద వేసినం. రోజుకొక్కటి చొప్పున 5 దెబ్బలు. 8 ఎలుకల్లో 3 చనిపోయినయి. మిగిలినవి ఏమీ కానట్టే తిరుగుతున్నయి. మెదడు తీసి కణాలు చూసే మామూలు రంగు హెచ్ అండ్ ఈ వేస్తే తేడా కనపడలేదు. ఎత్తు పెంచమని మా గైడ్ సార్ అంటున్నరు. పెంచాల్నా? ఇంకొకటి. మా తమ్మునికి 19 ఏండ్లు, కబడ్డీ ఆడుతడు. రెండు వారాల్ల రెండుసార్లు తలకు తగిలింది. రెండోసారి నుంచి వెలుతురు చూస్తే తలనొప్పి అంటున్నడు. ఆదివారం మ్యాచ్ ఉన్నది. ఎలుకల పేపర్లలో వారం తేడా ఉంటే ఏం కాదని ఉన్నది కదా, వారం ఆగితే సరిపోతదా? పొట్టేళ్ళు రోజూ కొట్టుకుంటయి, వాటికేమైతున్నదని మా నాన్న అంటున్నడు.

సమాధానం: ముందు తమ్ముడి సంగతి చెప్పుకుందాం. ఎలుకలు ఆగుతాయి, ఆదివారం ఆగదు. ఆ మ్యాచ్ ఆడించొద్దు. వెలుతురుకు తలనొప్పి వస్తోందంటే రెండో దెబ్బ ఇంకా తగ్గలేదన్నమాట. మొదటి ఒకటి రెండు రోజులు కొంచెం తేలికగా ఉండాలి. చీకటి గదిలో పడుకోబెట్టాల్సిన పని లేదు, ఫోన్ మాత్రం తగ్గించాలి. తర్వాత నడక, తేలికపాటి వ్యాయామం, ఒంటరిగా ఆట కదలికలు, ఎవరినీ తాకని ప్రాక్టీసు, డాక్టరు సరేనన్నాక పూర్తి ప్రాక్టీసు, చివరికి మ్యాచ్. ఒక్కో మెట్టుకు కనీసం 24 గంటలు. ఏ మెట్టులో బాధ బాగా పెరిగినా ఒక మెట్టు కిందికి రావాలి. రెండు వారాల్లో రెండు దెబ్బలు కాబట్టి ఈ మెట్లెక్కడం మొదలుపెట్టే ముందే డాక్టరుకు చూపించండి. వాంతులు ఆగకపోయినా, తలనొప్పి పెరుగుతూ పోయినా, మత్తు ఎక్కువవుతున్నా, ఫిట్స్ వచ్చినా, ఒక కంటిపాప రెండోదాని కన్నా పెద్దగా కనిపించినా, చెయ్యో కాలో పట్టు తప్పినా, ముక్కులోంచో చెవిలోంచో నీళ్ళలాంటి ద్రవం కారినా 108కి ఫోన్ చేసి సీటీ స్కాన్ ఉన్న ఆసుపత్రికి తీసుకుపోండి. అప్పుడిక తెల్లారేదాకా చూద్దామని కూర్చోవద్దు.

వారం లెక్క మనుషులకు అతకదు. మీరు చూసిన పేపరు 2005 నాటిదై ఉంటుంది. అందులో చిట్టెలుకలకు మొదటి దెబ్బ తర్వాత 3 రోజులకో 5 రోజులకో రెండోది తగిలితే నేర్చుకునే శక్తి దెబ్బతింది. 7 రోజులకు తగిలితే తేడా కనపడలేదు. కానీ 2012లో మరో బృందం చిట్టెలుకలకు 5 దెబ్బలు మూడు రకాల ఎడంతో వేసి చూసింది. రోజుకొకటి, వారానికొకటి తగిలినవి నీళ్ళలో దాగిన దిమ్మెను వెతికి చేరుకోవాల్సిన నీళ్ళ చిక్కుదారి పరీక్షలో వెనకబడ్డాయి. నెలకొకటి తగిలినవి మాత్రం దెబ్బలేని వాటితో సమానంగా ఈదాయి. చిట్టెలుకలోనే వారం సరిపోతుందా అన్నదానికి రెండు జవాబులున్నాయి. అర గ్రాము కూడా లేని మెదడు నుంచి 1,300 గ్రాముల మెదడుకు రోజులను గుణించి తెచ్చుకునే సూత్రం ఏదీ లేదు.

నాన్నగారి పొట్టేళ్ళ మాట తీసిపారేసేది కాదు, పరిశోధకులకూ అదే అనుమానం వచ్చింది. తలలతో ఢీకొట్టుకునే కస్తూరి ఎద్దుల మెదళ్ళు, కొండగొర్రెల మెదళ్ళు కోసి చూసి 2022లో ఫలితాలు ప్రచురించారు. కొమ్ములు, గట్టి పుర్రె ఉన్నా మెదడు దెబ్బతిన్న గుర్తులు దొరికాయి. పొట్టేలు తలనొప్పని చెప్పుకోలేదు, అంతే తేడా.

ఇక మీ ప్రయోగం. ఎత్తు పెంచవద్దు. చనిపోయిన మూడూ, మామూలుగా తిరుగుతున్న అయిదూ ఒకే మాట చెబుతున్నాయి: ఒక్కో ఎలుకకు ఒక్కో రకం దెబ్బ పడింది. ఎత్తు పెంచితే చావులు పెరుగుతాయి, తేడాలు అలాగే ఉంటాయి.

450 గ్రాముల పద్ధతి 1994లో మర్మరూ బృందం తీసుకొచ్చింది. అది తీవ్రమైన, మెదడంతా విస్తరించే గాయం కోసం తయారైన పద్ధతి. వాళ్ళు వాడినవి 350 గ్రాములు దాటిన ఎలుకలు. పుర్రె మీద గుండ్రని స్టీలు బిళ్ళ అతికించి, ఎలుకను మందపాటి ఫోమ్ మీద పడుకోబెట్టి బరువు వదిలారు. మీ ఎలుకలు అందులో సగం బరువున్నాయి, పుర్రె పలుచన. బిళ్ళ సంగతి మీరు రాయలేదు. అది లేకపోతే పుర్రె పగిలే ప్రమాదం చాలా ఎక్కువ. ఉన్నా, రోజూ తోలు కోసి బిళ్ళ అతికించి ఊడదీస్తే అయిదు రోజుల్లో అక్కడ పుండు పడుతుంది. ఆ పుండు వాపు మెదడు వాపులో కలిసిపోయి లెక్క తప్పుతుంది. ఫోమ్ కూడా వాడేకొద్దీ మెత్తబడుతుంది. మొదటి రోజు మొదటి ఎలుకకు, అయిదో రోజు ఆఖరి ఎలుకకు ఒకటే ఫోమ్ అనుకోవద్దు. బరువు పడి ఎగిరి మళ్ళీ తగిలితే అది లెక్కలోకి రాని రెండో దెబ్బ.

చావులకు అసలు కారణం మెదడు గాయం కన్నా శ్వాసలో ఉండే అవకాశం ఎక్కువ. తల మీద గట్టి దెబ్బ పడగానే ఎలుక కొన్ని సెకన్లు ఊపిరి ఆపేస్తుంది. కెటమిన్, జైలజిన్ మత్తులో శ్వాస అప్పటికే మందగించి ఉంటుంది. రెండూ కలిస్తే ఆగిన ఊపిరి మళ్ళీ అందుకోదు. దెబ్బ పడిన మరుక్షణం ఛాతీ కదలికను స్టాప్‌వాచ్‌తో చూసి ఎన్ని సెకన్లు ఆగిందో రాశారా? రాయకపోతే ఇకనుంచి రాయండి. చనిపోయిన మూడింటి పుర్రెలు దాచి ఉంటే భూతద్దంతో చీలిక ఉందేమో చూడండి. చీలిక ఉంటే దాన్ని మైల్డ్ (తేలికపాటి) గాయం అనడానికి వీల్లేదు.

కెటమిన్‌తో ఇంకో ఇబ్బంది ఉంది. తల మీద దెబ్బ తగిలాక గ్లూటమేట్ అనే నాడీ సంకేత రసాయనం పొంగి కణాల్లోకి కాల్షియం తోసుకుపోవడం ఈ గాయంలో మొదటి అంకం. కెటమిన్ సరిగ్గా ఆ గ్లూటమేట్ తలుపునే మూసే మందు. గాయం చేస్తూనే మందు వేసినట్టయింది. పైగా జంతువు అరగంటో గంటో పడుకునే ఉంటుంది కాబట్టి, వెల్లకిలా వేస్తే ఎన్ని సెకన్లకు బోర్లా తిరిగిందన్న అతి ముఖ్యమైన కొలత పోతుంది. మైల్డ్ గాయంలో అప్పటికప్పుడు దొరికే ముఖ్య సాక్ష్యం అదే.

మా సలహా: విస్టార్ ఎలుకలు వదిలి చిట్టెలుకలకు మారండి. 2012లో వచ్చిన అల్యూమినియం ఫాయిల్ పద్ధతి తీసుకోండి. తోలు కోసే పని లేదు, బిళ్ళ లేదు, ఒక్కో జంతువుకు పట్టేది కొద్ది నిమిషాలే. చిట్టెలుకను బిగించి కట్టిన ఫాయిల్ మీద బోర్లా పడుకోబెడతారు. మీటరు ఎత్తు నుంచి గొట్టంలో 95 గ్రాముల బరువు తలమీద పడుతుంది. ఆ దెబ్బకు ఫాయిల్ చిరిగి, చిట్టెలుక గిరుక్కున తిరిగి కింద 10 సెంటీమీటర్ల లోతున ఉన్న స్పాంజి మీద వెల్లకిలా పడుతుంది. తల తిరగడమే ఇందులో కీలకం. మెదడుకు నష్టం చేసేది నేరుగా తగిలే గుద్దు కన్నా తల గిర్రున తిరగడమేనని 1943లోనే హోల్‌బోర్న్ జెలటిన్ నమూనాలతో చూపించాడు. కబడ్డీలో పట్టుబడి పడ్డప్పుడు జరిగేదీ అదే. ఎలుక తలను గట్టి బల్ల మీద అదిమి కొడితే పుర్రె నలుగుతుంది, మెదడు తిరగదు.

బరువును పట్టణంలో ఏ లేత్ షాపులోనైనా ఇత్తడి కడ్డీ నుంచి తీయించవచ్చు. 19 మిల్లీమీటర్ల వ్యాసమైతే పొడవు సుమారు 4 సెంటీమీటర్లకు 95 గ్రాములు వస్తుంది. బంగారం దుకాణం తక్కెడ మీద తూయించి అర గ్రాము తేడా లేకుండా అరగదీయించండి. కింది అంచు గుండ్రంగా నున్నగా ఉండాలి. గొట్టం పీవీసీ సరిపోతుంది. లోపలి వ్యాసం బరువు కన్నా రెండు మూడు మిల్లీమీటర్లు ఎక్కువ ఉండాలి. పక్కల వరుసగా రంధ్రాలు వేయండి. లేకపోతే లోపలి గాలి పిస్టన్‌లా అడ్డుపడి వేగం తగ్గిస్తుంది. గొట్టం నిట్టనిలువుగా ఉందో లేదో రోజూ మేస్త్రీల తూకం గుండుతో చూడండి. కొంచెం వాలినా బరువు గోడకు రాసుకుంటూ దిగుతుంది. చేపల గాలం దారం బరువుకు కట్టి, ఫాయిల్ మట్టం దాటాక ఒక సెంటీమీటరు లోపే ఆగిపోయేలా పొడవు సరిచేస్తే రెండోసారి తగలదు.

వేగం కొలవడానికి ల్యాబు పరికరం అక్కర్లేదు. మీటరు ఎత్తు నుంచి అడ్డు లేకుండా పడితే కింద 4.43 మీటర్లు సెకనుకు రావాలి. ఫోన్‌లో 240 ఫ్రేముల స్లో మోషన్ పెట్టి, వెనక స్కేలు నిలబెట్టి తీయండి. తాకబోయే చోట ఒక్కో ఫ్రేముకు బరువు 1.8 సెంటీమీటర్లు జరగాలి. 1.5 మాత్రమే జరిగితే వేగంలో ఆరో వంతు, శక్తిలో మూడో వంతు దారిలోనే పోయిందన్నమాట. జంతువు లేకుండా ఇరవై సార్లు వదిలి చూశాకే మొదటి చిట్టెలుకను తీసుకోండి. ఫాయిల్ మీద కార్బన్ పేపరు వేస్తే దెబ్బ ఒకే చోట పడుతోందో లేదో తెలుస్తుంది.

ఎక్కువమంది తప్పు చేసేది ఫాయిల్ దగ్గరే. మందం ఎక్కువైతే తల బరువుకూ ఫాయిల్‌కూ మధ్య నలుగుతుంది. పలుచనైతే దెబ్బ పడకముందే జంతువు కిందికి జారుతుంది. అధ్యయనం మొత్తానికి సరిపడా ఒకే బ్యాచ్ రోల్స్ ఒకేసారి కొనిపెట్టుకోండి. బ్లేడుతో నడిమధ్య తేలికగా గీత గీయండి, తెగకూడదు. 25 గ్రాముల గులకరాయి పెడితే నిలవాలి, బరువు పడగానే చిరగాలి. దెబ్బ రెండు చెవులకు మధ్య, కాస్త ముందుకు పడాలి. మెడ మీద పడితే ఆ జంతువును లెక్కలోంచి తీసేయాలి. అలా తీసేసే నియమాలు ప్రయోగానికి ముందే రాసిపెట్టుకోవాలి, ఫలితం చూశాక కాదు.

మత్తుకు ఐసోఫ్లురేన్ వాడండి. వేపరైజర్ (మత్తు ఆవిరిని కొలిచి వదిలే యంత్రం) ఉంటే 3-4 శాతంతో పడుకోబెట్టి, తోక గిల్లితే కదలనప్పుడు తీసి వెంటనే దెబ్బ వేయాలి. వేపరైజర్ లేని కాలేజీల్లో సీసాలో దూది తడిపి మూత పెడతారు. అది జంతువును చంపే పద్ధతి. ఎందుకంటే 20 డిగ్రీల దగ్గర ఐసోఫ్లురేన్ ఆవిరి 30 శాతం దాటుతుంది, వేడి గదిలో ఇంకా పెరుగుతుంది. సీసానే గతి అయితే కొలిచి పోయండి. ఒక మిల్లీలీటరు ద్రవం దాదాపు 195 మిల్లీలీటర్ల ఆవిరినిస్తుంది. ఒక లీటరు సీసాకు 0.2 మిల్లీలీటరు వేస్తే 4 శాతం దగ్గర వస్తుంది. దూది జంతువుకు తగలకుండా జల్లెడ కింద ఉండాలి. పని మొత్తం ఫ్యూమ్ హుడ్‌లో చేయండి, లేకపోతే మత్తు మీకూ ఎక్కుతుంది. ప్రతి జంతువూ మత్తులో ఉండే సెకన్లు ఒకటే కావాలి. దెబ్బ పడే చోట లిగ్నోకైన్ జెల్ అన్ని గుంపులకూ రాయాలి. దెబ్బ తర్వాత వెచ్చని ప్యాడ్ మీద వెల్లకిలా పెట్టి, తిరగబడేదాకా స్టాప్‌వాచ్ నడపండి.

గుంపుల దగ్గర మీ పథకంలో పెద్ద లోటు ఉంది. దెబ్బ తగలని గుంపుకు కూడా అయిదు రోజులూ అయిదుసార్లు మత్తు ఇచ్చారా? ఐసోఫ్లురేన్‌కే మెదడును కాపాడే గుణం కొంత ఉంది. ఒక్క దెబ్బ గుంపు కూడా తప్పనిసరి. దానికి నాలుగు రోజులు మత్తు మాత్రమే, అయిదో రోజు మత్తుతో దెబ్బ. అది లేకుండా, నష్టం దెబ్బలు మళ్ళీ మళ్ళీ తగలడం వల్ల వచ్చిందని మీరు అనలేరు. ఆఖరి దెబ్బ వల్లేమోనని పరీక్షకుడు అడిగితే నోరు మూతపడుతుంది. మిగతావి: అయిదు దెబ్బలకు సారం కలపని ఉత్త ద్రావకం, అయిదు దెబ్బలకు ఆకు సారం, దెబ్బలు లేకుండా సారం. ఆఖరిది ఖర్చు దండగ అనుకోవద్దు. సారానికి నిద్ర తెచ్చే గుణం ఉంటే, కదలికలు కొలిచే ఖాళీ పెట్టె అయిన ఓపెన్ ఫీల్డ్‌లో జంతువు నెమ్మదిస్తుంది. దాన్ని మీరు ఆందోళన తగ్గిందని రాసుకుంటారు.

గుంపుకు ఆరో ఎనిమిదో చాలవు. 1.2 ప్రామాణిక విచలనాలంత పెద్ద తేడా ఉంటుందనుకున్నా, 80 శాతం పవర్ (నిజంగా ఉన్న తేడాను పట్టుకునే అవకాశం) రావడానికి గుంపుకు 12 కావాలి. తేడా 1 అయితే 17. జంతువులు దొరకకపోతే గుంపులు తగ్గించండి, గుంపులోని సంఖ్య కాదు. ఒకే పంజరంలో ఉన్నవన్నీ ఒకే గుంపులోకి పోకుండా లాటరీ తీయండి. పరీక్షలు చేసేవాళ్ళకు ఏది ఏ గుంపుదో తెలియకూడదు.

దెబ్బకూ దెబ్బకూ మధ్య 24 గంటలు ఉంచడం మీ ప్రశ్నకు సరిపోతుంది. తల మీద దెబ్బ తర్వాత మెదడు ముందు కాసేపు చక్కెరను విపరీతంగా కాల్చి, ఆ తర్వాత రోజుల తరబడి వాడకం తగ్గించేస్తుంది. ఆ తగ్గుదల పెద్ద ఎలుకల్లో వారం పదిరోజులు ఉండవచ్చు, చిన్నవాటిలో త్వరగా తేరుకుంటుంది. ఆ తగ్గిన సమయంలో రెండో దెబ్బ పడితే కోలుకోవడం వెనక్కి పోతుంది. కుర్ర ఎలుకల్లో 24 గంటలకు రెండో దెబ్బ తగిలితే తగ్గుదల పెరిగింది. 120 గంటలకు తగిలితే ఒక్క దెబ్బ తగిలినట్టే ఉంది. మీ థీసిస్‌కు బలం ఇక్కడే. ఎన్ని దెబ్బలన్న అంకె ఒక్కటే రాస్తే చాలదు. పద్ధతుల అధ్యాయంలో ఎడం గంటల్లో రాయండి, ఏ పూట వేశారో కూడా రాయండి.

సారం దెబ్బలకు ముందే ఇస్తే అది నివారణ, తర్వాత ఇస్తే చికిత్స. ఆటగాడు మ్యాచుకు ముందు మూడు వారాలు కషాయం తాగి రాడు కాబట్టి, ఆఖరి దెబ్బ తర్వాత మొదలుపెట్టడమే నిజానికి దగ్గర.

జాతి ఎంపికలో ఒక గొయ్యి ఉంది. మన కాలేజీల్లో చవకగా దొరికే స్విస్ తెల్ల చిట్టెలుకల కొన్ని వంశాల్లో కంటి వెనక పొర చిన్నతనంలోనే క్షీణించే జన్యువు తిరుగుతుంటుంది. చూపులేని జంతువు నీళ్ళ తొట్టిలో గోడ మీద గుర్తులు చూసి దిమ్మె ఎలా వెతుక్కుంటుంది? సి57 బ్లాక్ 6 అనే నల్ల చిట్టెలుకల రకం అడగండి, 8-10 వారాల వయసు, 20-25 గ్రాములు. నమోదైన చోటి నుంచే కొనాలి. హైదరాబాద్‌లో అలాంటివి ఉన్నాయి. తెల్లవారుజామున బయల్దేరితే నార్కట్‌పల్లి దాటేసరికి ఎండ ఎక్కదు. వచ్చాక వారం రోజులు ముట్టుకోకుండా అలవాటు పడనివ్వండి.

అయినా చూపు సమస్య పూర్తిగా తీరదు. మూసిన తల మీద దెబ్బ వేసే చిట్టెలుకల్లో దృష్టి నాడి మార్గం తరచుగా దెబ్బతింటుంది. అందుకే నీళ్ళ పరీక్షకు ముందు దిమ్మెకు జెండా కట్టి, కనిపించేలా పెట్టి ఒక రోజు ఈదించండి. అక్కడే ఆలస్యమైతే అది జ్ఞాపకం లోపం కాదు. నీళ్ళు 22-24 డిగ్రీలుండాలి. నల్లగొండ ఏప్రిల్‌లో మేడమీది ట్యాంకు నీళ్ళు మధ్యాహ్నానికి వేడెక్కి ఉంటాయి, వాటిని అలాగే వదిలితే చిట్టెలుకలు హాయిగా తేలుతాయి, వెతకవు. ఐసు గడ్డలు వేసి థర్మామీటరు చూసి, గడ్డలన్నీ కరిగాకే దింపండి. రోజుకు 4 సార్లు, ఒక్కోసారి 60 సెకన్లు, 5 రోజులు. ఆరో రోజు దిమ్మె తీసేసి ఒక్కసారి. తిరిగే కడ్డీ మీద నిలబడే పరీక్ష రోటారాడ్‌కు దెబ్బలకు ముందే మూడు రోజులు నేర్పించాలి. 300 సెకన్లలో వేగం నిమిషానికి 4 నుంచి 40 తిరుగుళ్ళకు పెంచుతూ పోవాలి.

హెచ్ అండ్ ఈలో ఏమీ కనపడలేదని బాధపడొద్దు. మైల్డ్ అంటేనే అది. కణాలు చావవు, నాడీ తీగలు సాగి తెగుతాయి, చుట్టుపక్కల కణాలు కోపం తెచ్చుకుంటాయి. ఆఖరి దెబ్బ తర్వాత 24 గంటలకు కొన్ని జంతువుల్లో తెగిన తీగల్లో పేరుకునే బీటా ఏపీపీ, 7 రోజులకు మిగతావాటిలో కోపం తెచ్చుకున్న కణాలను చూపే జీఫాప్, ఐబా1 చూడండి. కార్పస్ కలోసం (మెదడు రెండు సగాలను కలిపే తీగల కట్ట), దృష్టి నాడి మార్గం, ఈ రెండు చోట్లే ఎక్కువ వెతకండి. డబ్బు తక్కువైతే వెండి రంగు వేయించండి.

నాడీ తీగల్లో ఉండే టావ్ ప్రోటీన్ మీద మోజు ఉంటే రెండు జాగ్రత్తలు. టావ్‌ను గుర్తుపట్టే ఏటీ8 అన్నది చిట్టెలుక నుంచే తీసిన యాంటీబాడీ. చిట్టెలుక మెదడు మీద వాడితే రెండో యాంటీబాడీ జంతువు సొంత యాంటీబాడీలకు కూడా అంటుకుని అంతా గోధుమ రంగు చేస్తుంది. ఆ అడ్డు తొలగించే కిట్ లేకుండా, మొదటి యాంటీబాడీ వేయని పక్క ముక్క లేకుండా ఏ బొమ్మనూ నమ్మొద్దు. మత్తులో ఒళ్ళు చల్లబడినా టావ్ ఫాస్ఫరైలేషన్ (టావ్‌కు ఫాస్ఫేటు అంటుకోవడం) పెరుగుతుంది, అందుకే ఆఖరి రోజు కూడా వెచ్చని ప్యాడ్ కావాలి. థీసిస్ పేరులో సీటీఈ (తలకు మళ్ళీ మళ్ళీ తగిలే దెబ్బలతో వచ్చే మెదడు జబ్బు) అన్న మాట పెట్టకండి. మనిషిలో ఆ జబ్బును నిర్ధారించేది మెదడు మడతల అడుగున రక్తనాళాల చుట్టూ పేరుకున్న టావ్. చిట్టెలుక మెదడు నున్నగా ఉంటుంది, మడతలే లేవు.

కమిటీ దగ్గరికి మళ్ళీ వెళ్ళాలి. జాతి, పద్ధతి, మత్తు, సంఖ్య అన్నీ మారాయి కాబట్టి పాత అనుమతి పనికిరాదు. అనుమతి దరఖాస్తు అయిన ఫారం బి కొత్తగా నింపండి. అందులో చనిపోయిన మూడింటి సంగతి దాచకుండా రాయండి. కొత్త పద్ధతి ఎందుకో చెప్పడానికి అంతకన్నా మంచి కారణం మీ దగ్గర లేదు. ఎప్పుడు ఆపేస్తారో కూడా రాయండి: ఫిట్స్ వస్తే, పుర్రె పగిలితే, బరువు 20 శాతం తగ్గితే, 15 నిమిషాలకూ తిరగబడకపోతే నొప్పి లేకుండా ప్రాణం తీస్తామని. మొదట 4 చిట్టెలుకలతో పైలట్ అడగండి. వాటి ఊపిరి సెకన్లు, తిరగబడ్డ సెకన్లు, ఫోన్‌లో కొలిచిన బరువు వేగం ఒకే కాగితం మీద పట్టికగా వేసి గైడ్ సార్ ముందు పెట్టండి. ఎత్తు పెంచాలా వద్దా అన్నది ఆ కాగితం చూసి ఇద్దరూ మాట్లాడుకోవచ్చు.